కప్పకారులో రెండో సీటు

పాత ఫొటోల పెట్టె తెరిచినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. అందులో కప్పకారు ఫొటోలు ఒక కట్ట ఉన్నాయి. కప్పకారు ముందు మా మామయ్య, కప్పకారు పక్కన మా ఆయన, కప్పకారు బానెట్ మీద మా పెద్దోడు బోసినవ్వుతో. మా తెల్ల వ్యాన్, డబ్బా, ఫొటో మాత్రం ఒక్కటే. అదీ మా చిన్నదాని పుట్టినరోజు గౌను కోసం తీసింది కాబట్టి వెనకాల బండి తలుపు సగం పడింది. ఇంటికి వచ్చినవాళ్లు కప్పకారు ఫొటో చేతిలోకి తీసుకుని "అబ్బ, ఎంత బాగుందో! ఎందుకు అమ్మేశారండీ?" అంటారు. డబ్బా సంగతి ఒక్కరూ అడగరు. మా ఇంటిని ఎనిమిదేళ్లు మోసింది ఆ డబ్బా. అందుకని రెండింటి గురించీ నేనే చెప్పాలి.

కప్పకారు అంటే రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు. విదేశాల్లో తయారైంది. హైదరాబాద్‌లో ఏదో పెద్ద బంగళా ఖాళీ చేస్తుంటే మా మామయ్య ముచ్చటపడి కొనుక్కొచ్చాడట. పచ్చరంగు, ముందు రెండు పెద్ద గుడ్ల లైట్లు, చక్రాలకు సైకిల్ పుల్లల్లాంటి ఇనుప పుల్లలు. పైకప్పు గుడ్డది. నేను కాపురానికి వచ్చేనాటికే అది చిరిగి పోగులైపోయింది. సీట్లో కూర్చుని చెయ్యి కిందికి చాపితే రోడ్డు తగిలేంత తక్కువ ఎత్తు. మిర్యాలగూడలో పిల్లలు దాన్ని చూసి "కప్పకారు" అని అరిచేవాళ్లు. మొదట కోపగించుకున్న మామయ్య కూడా చివరికి ఆ పేరుకే అలవాటు పడ్డాడట. ఆయనను నేను చూడలేదు. నా పెళ్లికి రెండేళ్ల ముందే పోయాడు. రైస్‌మిల్లుతో పాటు ఆ కారూ మా ఆయన చేతికి వచ్చింది.

మాది కోదాడ. ఎనభైల్లో పెళ్లి. అప్పగింతలయ్యాక బంధువులందరూ బస్సెక్కారు, మమ్మల్నిద్దరినీ కప్పకారులో కూర్చోబెట్టారు. మా అమ్మ కళ్లు తుడుచుకుంటూనే నా స్నేహితురాళ్ల వైపు గర్వంగా చూసింది. నేను పట్టుచీర సర్దుకుని కూర్చున్నానో లేదో, మా ఆయన నిండు నీళ్ల స్టీలు బిందె తెచ్చి నా ఒళ్లో పెట్టాడు.

"జర గట్టిగ పట్టుకో, ఒలుకుతది" అన్నాడు.

పెళ్లయ్యాక ఆయన నాతో అన్న మొదటి మాట అది. ఆ కారు ఇంజను ఇరవై మైళ్లకోసారి ఉడికిపోయి పొగలు కక్కేది. అప్పుడు దిగి, బానెట్ ఎత్తి, చల్లారనిచ్చి, నీళ్లు పోయాలి. దాన్లో రెండో సీటు అంటే బిందె పట్టుకునే సీటని నాకు హుజూర్‌నగర్ దాటకముందే అర్థమైంది. గుంత వచ్చినప్పుడల్లా నీళ్లు చీర మీద పడేవి. నేరేడుచర్ల దగ్గర బిందె ఖాళీ అయితే కాలువ దగ్గర ఆపి మళ్లీ నింపాడు. మిర్యాలగూడలో ఇంటి ముందు దిగేసరికి నా పట్టుచీర మోకాళ్ల నుంచి అంచు దాకా తడిసి, కాళ్లకు చుట్టుకుపోయి ఉంది.

ముత్తయిదువలు హారతి పళ్లెం పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డారు. మా అత్తమ్మ వాళ్ల వెనక, గడప పక్కన నిలబడింది. తెల్లటి మనిషి, తల మీద కొంగు. కారును చూసింది, నన్ను చూసింది, తడిసిన చీరను చూసింది.

"రాణి దిగింది" అంది.

ఆ మాట నాకు ములుకులా గుచ్చుకుంది. చాలా ఏళ్లు గుచ్చుకుంటూనే ఉంది.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. కప్పకారు అందాన్ని నేను కాదనను. పెళ్లయిన కొత్తలో ఇద్దరమే పొద్దున్నే లేచి నాగార్జున సాగర్ వెళ్లేవాళ్లం. హాలియా దాటాక రోడ్డుకు రెండు వైపులా వరి. కారు ఎత్తు తక్కువ కాబట్టి మా తలలూ వరి వెన్నులూ ఒకే ఎత్తులో ఉండేవి. పచ్చి వరి వాసన మొహానికి కొట్టేది. ఇంట్లో నలుగురి ముందు నాతో మాట్లాడటానికే మొహమాటపడే మనిషి, ఆ కారెక్కితే వాగేవాడు. ఇంజను మోతకు ఏమీ వినపడక నేను "ఆఁ?" అంటే, చెప్పిందే మళ్లీ గట్టిగా చెప్పేవాడు. నాకు మొదటిసారే వినపడినా "ఆఁ?" అనేదాన్ని. ఆయన మీద నాకు ప్రేమ పుట్టింది ఆ కారులోనే. ఒళ్లో బిందె ఉన్నా సరే.

చిక్కల్లా ఆ సీట్ల దగ్గరే. మా ఆడబిడ్డది సూర్యాపేట. అక్కడికి ఏ పనిమీద వెళ్లాలన్నా ఇంట్లో పంచాయితీ. కారులో ఆయనా ఇంకొకరూ, మిగిలినవాళ్లంతా బస్సు. పెద్దోడు పుట్టాక నా ఒళ్లో వాడు, కాళ్ల మధ్య బిందె. చిన్నది పుట్టాక పెద్దోడు గేరు పక్కన ఇరుక్కుని కూర్చునేవాడు, గేరు మార్చినప్పుడల్లా వాడి మోకాలికి దెబ్బ. అత్తమ్మ ఎప్పుడూ బస్సే. టిఫిన్ డబ్బా, చేతిసంచీ తీసుకుని బస్టాండుకు నడిచి వెళ్లేది. మేం ఉడికిన ఇంజనుతో ఆగి ఆగి చేరుకునేసరికి, ఆమె సూర్యాపేటలో కూతురింటి అరుగు మీద కూర్చుని తీరిగ్గా చాయ్ తాగుతూ కనిపించేది.

అత్తమ్మకు ఆ కారంటే గిట్టదు. ఇది మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి. ఆమె దాన్ని కప్పకారు అని కూడా అనేది కాదు. "మీ మామ పెద్ద భార్య" అనేది. నేను వచ్చిన కొత్తలో మా ఆయన ఒకసారి ఆమెను అడిగాడు.

"అమ్మా, మోతె దాక పోతున్న. వస్తవా?"

మోతె ఆమె పుట్టిల్లు. ఆమె చేటలో బియ్యం చెరుగుతోంది. తలెత్తలేదు.

"నాకెందుకురా గా కారు. మీరు పోండ్రి."

సరేనని ఆయన బండి తీశాడు. నేను బిందె పట్టుకున్నాను. ఆ తర్వాత ఆమెను ఎవరూ అడగలేదు.

ఆమే ఒకసారి, బియ్యంలో రాళ్లు ఏరుతూ, ఎవరి సంగతో చెప్పినట్టు చెప్పింది. మోతెలో ఆమె తమ్ముడి పెళ్లికి మామయ్య కప్పకారులో వెళ్లాడట. పక్కసీట్లో ఆయన స్నేహితుడు, ఒక వకీలు. ఈమె ఇద్దరు పిల్లల్ని, ట్రంకు పెట్టెను తీసుకుని బస్సులో వెళ్లింది. దిగి పెట్టె నెత్తిన పెట్టుకుని నడుస్తుంటే, పెళ్లిపందిరి ముందు కారు చుట్టూ జనం గుమిగూడి కనిపించారట. "పెండ్లికొడుకునిడిసి కారునే సూస్తున్నరు అందరు" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు వెనక ఏముందో చూసే తెలివి నాకప్పుడు లేదు. కారంటే కోపం, కారులో కూర్చునే కోడలంటే కోపం అని లెక్కేసుకున్నాను.

తొంభైలు వచ్చేసరికి మా ఆయన నడుము పట్టేసింది. ఇన్నేళ్లు నేలకు జానెడెత్తున, కాళ్లు చాపుకుని కూర్చుని, గుంతల రోడ్ల మీద తిరిగితే మరి పట్టదా? సూర్యాపేట డాక్టరు ఎక్స్‌రే తీయించి చూసి, "ఇంకొక్కసారి ఆ కారు ఎక్కితే మంచమెక్కుతవ్, సూస్కో" అన్నాడు. అదే ఏడాది తెల్ల వ్యాన్ కొన్నాం. చదరంగా ఉండేది, ఏ మూల చూసినా అందమన్నది లేదు. మా పెద్దోడు చూసీచూడగానే "డబ్బా" అన్నాడు. పేరు ఖాయమైంది.

ఇక రెండింటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం. కప్పకారు ఎక్కాలంటే ముందు నడుము వంచి, తర్వాత కాలు లోపల పెట్టి, తర్వాత పడిపోవాలి. డబ్బా తలుపు పక్కకు జరిపితే గడప దాటినట్టు ఎక్కడమే. కప్పకారు వాన వస్తే చెట్టు వెతుక్కునేది. డబ్బాలో వానాకాలం మధ్యాహ్నం పిల్లలు నిద్రపోయేవాళ్లు. కప్పకారుకు ఏ చిన్న సామాను పోయినా హైదరాబాద్‌లో ఒకే ఒక్క ముసలాయన దగ్గర దొరికేది, అదీ ఆయనకు బుద్ధి పుడితే. డబ్బాను మిర్యాలగూడలో ఏ మెకానిక్ అయినా బాగుచేసేవాడు. కప్పకారు వెళ్తుంటే ఊరంతా తిరిగి చూసేది. డబ్బా వెళ్తుంటే ఎవరూ చూసేవాళ్లు కాదు, చెయ్యి ఎత్తి ఆపి ఎక్కేవాళ్లు.

డబ్బాకూ ఒక లోపం ఉండేది. దాని ఇంజను ముందుసీట్ల కింద. మొదటిరోజు అత్తమ్మను గౌరవంగా ముందు కూర్చోబెట్టారు. ఆమె మాత్రం నకిరేకల్ దారిలో సగం దూరం పోకముందే "ఏందిరా, పొయ్యి మీద కూసోబెట్టినవ్?" అని లేచి నిలబడింది, తల పైకప్పుకు కొట్టుకుంది. అప్పట్నుంచి ఆమెది మధ్యవరుస, కిటికీ పక్కన. ఆ చోటు ఇంకెవరూ తీసుకునేవాళ్లు కాదు.

ఇంకో తమాషా ఉంది. కొత్త బండికి నీళ్లు మోసుకెళ్లే పని లేదు. అయినా మొదటి ఏడాదంతా బయల్దేరే ముందు ఇంట్లో ఎవరో ఒకరు "బిందె పెట్టిండ్రా?" అని అరిచేవారు, ఎవరో ఒకరు నింపి తెచ్చేవారు. బిందె లేకుండా మా ఇంట్లో బండి కదలడం ఎవరూ చూడలేదు మరి. సాగర్‌కు పదకొండుమందిమి వెళ్లినప్పుడు కూడా పన్నెండో మనిషిలా బిందె కూర్చుంది. పిల్లలు దారి పొడవునా అందులో గ్లాసు ముంచుకుని తాగారు.

ఎనిమిదేళ్లలో ఆ బండి చేయని పని లేదు. వెనకసీటు పీకేసి విత్తనాల బస్తాలు మోసింది. మళ్లీ సీటు బిగించి పెళ్లివాళ్లను మోసింది. పక్కింటి పిల్లకు నొప్పులొస్తే దవాఖానకు మోసింది, నాలుగోరోజున ఇద్దరినీ తెచ్చి దింపింది. కోదాడ నుంచి మా అమ్మ ఆవకాయ జాడీలు పంపితే ఒకటి లోపలే ఒలికి, ఆ వాసన రెండు వేసవులు పోలేదు. దాన్ని ఎవరూ ముద్దుచేయలేదు, కడగడానికి వంతులు వేసుకునేవాళ్లు. అందుకే నాకు దానిమీద జాలి, ప్రేమ, రెండూ.

ఆయన నడుము బాగాలేక ఎక్కువసేపు నడపలేకపోయేవాడు. "నేను నేర్చుకుంటానండీ" అన్నాను. ఆయన నవ్వాడు. అత్తమ్మ నవ్వలేదు.

"ఎందుకు నేర్సుకోదురా? ఇద్దరు పిల్లల్ని సాదలేదా?" అంది.

మిల్లులో వడ్లు ఎండబోసే కల్లంలో నేర్చుకున్నాను. మొదటి రోజే బండిని వడ్ల కుప్ప ఎక్కించాను. మిల్లు కూలీలు నోటికి కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. నాతో పాటు బండిలో కూర్చునే ధైర్యం ఎవరికీ లేకపోతే, అత్తమ్మే వచ్చి మధ్యవరుసలో తన చోట కూర్చుంది. చేతిలో బిందె.

"మీరు దిగండి అత్తమ్మా, దెబ్బ తగులుద్ది" అన్నాను.

"మీ కోదాడోళ్లకు భయమెక్కువ. పోనియ్యి. పడితె ఇద్దరం పడదం" అంది.

ఆరోజు నుంచి ఆమె నాకు అత్త కాదు. ఏమంటారో నాకు తెలియదు, అత్త మాత్రం కాదు. నెల తిరక్కుండా ఇద్దరం పిల్లల్ని వేసుకుని సూర్యాపేట వెళ్లొచ్చాం. దారిలో లారీ డ్రైవర్లు ఆడమనిషి నడుపుతోందని తొంగి చూస్తే, అత్తమ్మ కిటికీలోంచి వాళ్లను కసిరేది.

కప్పకారు మిల్లు షెడ్డులో గోనెపట్టా కింద ఉండిపోయింది. మా ఆయన రోజూ వెళ్లి, పట్టా తీసి, తుడిచి, కాసేపు ఇంజను నడిపి వచ్చేవాడు. కూర్చోకూడదు కదా, పక్కన మోకరిల్లి తాళం తిప్పేవాడు. రెండేళ్లు అలా గడిచాక, పాత కార్లు పోగుచేసే హైదరాబాద్ ఆయన ఒకరు వచ్చి అడిగాడు. నెల రోజులు ఆలోచించి మా ఆయన సరేనన్నాడు. పట్టా కింద చావడం కన్నా రోడ్డు మీద ఉండటం మేలన్నాడు.

తీసుకువెళ్లే రోజు పొద్దున మిల్లు కూలీలు కారును ఇంటి ముందుకు తోసుకొచ్చి కడిగారు. కొనేఆయన సాయంత్రం నాలుగింటికి వస్తానన్నాడు. మూడింటప్పుడు అత్తమ్మ లోపల్నుంచి వచ్చింది. ఉతికిన చీర కట్టుకుంది. చేతిలో బిందె, నిండుగా.

"నేనొక్కపారి గిండ్ల కూసుంట" అంది.

మా ఆయన, "నీకు గిట్టదు గదమ్మా? నేనడిగితె రానంటివి గద?" అన్నాడు.

"అడిగినవ్. ఒక్కపారి అడిగినవ్." ఆమె గొంతు పెంచలేదు. "ఇంటికొచ్చినోళ్లను చాయ్‌కి ఎన్నిపార్లు అడుగుతంరా మనం? మొదాలు వద్దంటరు. మళ్ల అడుగుతం. మళ్ల వద్దంటరు. మూడోపారి చేతిల పెడుతం. నన్ను మీ నాయిన ఒక్కపారి గూడ అడగలే. నువ్వొక్కపారి అడిగి తాళం తిప్పినవ్."

మా ఆయన తల దించుకున్నాడు. నాకు సిగ్గేసింది. నెయ్యి వద్దన్నవాళ్ల చెయ్యి పక్కకు తోసి మరీ వడ్డించే ఇల్లు మాది. పదేళ్లు నేను ఆమె ముందే వెళ్లి ఆ సీట్లో కూర్చున్నాను. నాకూ ఇంకొకసారి అడగాలని తోచలేదు.

ఆయన కూర్చోలేడు. మామయ్య తర్వాత ఆ కారును ఆయన తప్ప ఇంకెవరూ నడిపింది లేదు. జేబులోంచి తాళంచెవి తీసి కాసేపు చూసుకుని, నా చేతిలో పెట్టాడు.

"మూడో గేరు జర గట్టిగుంటది. చూసుకో" అన్నాడు.

అత్తమ్మ కూర్చోవడం పెద్ద పని అయింది. నేను చెప్పినట్టే ముందు వంగి, కాలు పెట్టి, చివరికి పడిపోయింది. బిందె ఒళ్లో పెట్టాం. నేను బండి తీశాను. నాకు డబ్బా అలవాటు కదా, కాళ్లు చాపుకుని, కళ్లముందు రోడ్డు తప్ప ఏమీ కనపడకుండా నడపడం కొత్త. రెండుసార్లు ఆగిపోయింది. మూడోసారి మిల్లు దాటి కాలువ రోడ్డు ఎక్కాం.

గాలికి ఆమె తలమీది కొంగు జారింది. నేను ఆ ఇంటికి వచ్చాక ఆమె నెరిసిన జుట్టు ఆరుబయట చూడటం అదే మొదలు. ఆమె కొంగు సర్దుకోలేదు. రెండు చేతులూ బిందె మీదే ఉన్నాయి. గుంత వచ్చింది, నీళ్లు తుళ్లి చీర మీద పడ్డాయి. ఇంకో గుంత, ఇంకాసిని నీళ్లు. ఆమె చీర వైపు చూసుకుంది, నా వైపు చూసింది.

"నీ పెండ్లినాడు గీ బిందె నువ్వు పట్టుకున్నవా?" అని అరిచింది.

"కోదాడ నుంచీ పట్టుకున్నాను అత్తమ్మా!"

"అందుకేనా సీరె తడిసింది?"

"మరి మీరేమనుకున్నారు?"

"కాలువల ఆటలాడుకుంట వచ్చిండ్రనుకున్న!"

నాకు నవ్వు ఆగలేదు, బండి పక్కకు ఆపాను. అప్పటికే ఇంజను ఉడికి పొగ లేస్తోంది. నేను దిగి బానెట్ ఎత్తి, చల్లారాక బిందెలోని నీళ్లు పోస్తుంటే ఆమె సీట్లోంచే చూసింది. నవ్వి నవ్వి ఆమె కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. నవ్వువల్లనో కాదో నేను అడగలేదు.

"నడుములు ఇరిగినయ్ బిడ్డా" అంది. "డబ్బానే నయం. గీ సీటు కోసమా నేను ముప్పై ఏండ్లు ఏడ్సింది?"

తిరిగి ఇంటికి వచ్చేసరికి హైదరాబాద్ ఆయన గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. పిల్లలు పరిగెత్తుకొచ్చారు. మా ఆయన కారు పక్కకు వచ్చి, డాక్టరు వంగొద్దన్న నడుమును వంచి, వాళ్లమ్మ మొహంలోకి చూశాడు.

"అమ్మా, ఇంకో చుట్టు పోయొస్తవా?"

"వద్దురా. ఆయినె వచ్చి నిలబడ్డడు."

"పోయి రా అమ్మా."

"ఎందుకురా, చాలు."

ఆయన లేవలేదు. అలాగే వంగి, తలుపు పట్టుకుని ఉన్నాడు. నొప్పి మొహంలో తెలుస్తోంది.

"పోయి రారాదు, అమ్మా."

అత్తమ్మ కొడుకును చూసింది. ఒళ్లోంచి ఖాళీ బిందె తీసి ఆయన చేతికిచ్చింది.

"నింపుకరా పో" అంది.

ఆయన బోరింగు దగ్గరకు నడిచాడు. గేటు దగ్గరి పెద్దమనిషి గడియారం చూసుకున్నాడు. చూసుకోనీ అనుకుని, నేను బండి వెనక్కి తిప్పాను.